బ్లిట్జ్ ఒక్కటీ లేకుండా మహోమ్స్‌ని కట్టేశారు. అలాంటప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఏం చెయ్యాలి?

తోటపాలెం పీఈటీ (విజయనగరం):

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. పిల్లలకి ఎక్కువగా కబడ్డీ నేర్పిస్తాను. మా తమ్ముడు ఫిలడెల్ఫియాలో ఉంటాడు, ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) పిచ్చి నాకు వాడు అంటించిందే. 2025 ఫిబ్రవరిలో ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ 59 మనకి సోమవారం తెల్లవారుజామున 5 గంటలకి వచ్చింది. మూడో క్వార్టర్ దాకా చూసి బడికి వెళ్లి, మిగతాది సాయంత్రం చూశాను.

తమ్ముడి టీమ్ ఈగిల్స్ 40-22తో గెలిచింది. వాడి ఆనందం వాడిది. నన్ను పట్టుకున్న సంగతి వేరే. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్ లాంటివాణ్ణి ఆరుసార్లు శాక్ చేశారు, అంటే బంతి వెయ్యకముందే పడగొట్టారు. హాఫ్‌టైమ్‌కి స్కోరు 24-0, అప్పటికి చీఫ్స్ మొత్తం సంపాదించింది 23 యార్డులు. పైగా ఆ రోజు ఈగిల్స్ ఒక్కసారి కూడా బ్లిట్జ్ చెయ్యలేదు, అంటే అదనపు మనిషిని మీదికి పంపలేదు. ఎప్పుడూ నలుగురే వచ్చారు. వాళ్లని అడ్డుకోవడానికి క్వార్టర్‌బ్యాక్ ముందు లైన్‌లో ఐదుగురు ఉన్నారు కదా, నలుగుర్ని ఆపలేకపోవడం ఏమిటి? సరే, ఆపలేకపోయారు. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ చెయ్యగలిగింది ఏమైనా ఉందా, లేక దెబ్బలు తినడమేనా?

ఇంకోటి. 2022 జనవరిలో బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో టైటన్స్ చేతిలో తొమ్మిదిసార్లు శాక్ అయ్యి కూడా 19-16తో గెలిచాడు. అదెలా సాధ్యమైంది?

మా పిల్లలకి నేను చెప్పే మాట ఒకటుంది. రైడ్‌కి వెళ్లినప్పుడు కార్నర్‌లో ఉన్నవాడి చేతులు చూస్తూ ఉండిపోకు, వాడు ఎంత దూరంలో ఉన్నాడో నీ కాళ్లకి తెలియాలి, కన్ను మాత్రం నువ్వు ముట్టుకోవాల్సినవాడి మీద ఉండాలి అంటాను. క్వార్టర్‌బ్యాక్‌కీ అంతేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాలకొండ కుర్రోడు:

మాస్టారూ, ఇందులో మహోమ్స్ తప్పేం లేదు. ఆ రోజు లెఫ్ట్ ట్యాకిల్‌గా (లైన్‌లో ఎడమ చివర) ఆడిన జో థూనీ అసలు గార్డ్ (ట్యాకిల్ పక్కన, లోపల ఆడేవాడు). వేరే దారి లేక అక్కడికి జరిపారు. 2021లో బకనీర్స్ మీద 31-9తో ఓడిన సూపర్ బౌల్ 55లో అయితే ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో బయట ఉన్నారు. రెండు వైపులా ట్యాకిల్స్ లేకపోతే ఎంతటివాడైనా ఏం చేస్తాడు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మాస్టారూ, నేను అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ ప్రాక్టీస్‌ని వీడియో తీసే పార్ట్‌టైమ్ పని చేసేవాణ్ణి. ఎండ్ జోన్ వెనక ఎత్తు మీద కెమెరా పెట్టేవాళ్లం. టీవీలో పక్క నుంచి చూస్తే బంతి కనబడుతుంది. లైన్ ఎక్కడ తెగిందో మాత్రం వెనక నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు శ్రీకాకుళం వచ్చేసినా ఏ మ్యాచ్ చూసినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. అందుకే ఈ ప్రశ్నకి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

బ్లిట్జ్ అంటే ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ మీదికి రావడం. ఐదోవాడు వచ్చాడంటే వాడు కాపలా కాయాల్సిన చోటు ఖాళీ అయినట్టే. మంచి క్వార్టర్‌బ్యాక్ స్నాప్‌కి (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందే దాన్ని పసిగట్టి ఆ ఖాళీలోకి బంతి వేసేస్తాడు. హాట్ రూట్ అనేది అదే. పెయ్టన్ మానింగ్ మీద బ్లిట్జ్ చెయ్యాలంటే ఎదుటివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేది అందుకే. నలుగురితోనే పని జరిగిపోతే ఈ మందు పనిచెయ్యదు. వెనక ఏడుగురు మిగిలిపోతారు. పాస్ కోసం పరిగెత్తేది మహా అయితే ఐదుగురు. ఆ ఏడుగురి మధ్య ఖాళీ దొరకాలంటే టైం కావాలి, ఆ టైమే ముందున్న నలుగురూ ఇవ్వరు. ఈగిల్స్ డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో ఆ రోజు చేసింది ఇదే.

ఇక ఐదుగురు నలుగుర్ని ఎందుకు ఆపలేరంటారా? అదనంగా ఉన్న ఒక్కడు ఒక్కరికే సాయం చెయ్యగలడు. మిగతా ముగ్గురూ ఒకరితో ఒకరు తలపడాల్సిందే. ఈగిల్స్‌లో జేలెన్ కార్టర్ మీదికి ఇద్దరు వెళ్తే జాష్ స్వెట్, మిల్టన్ విలియమ్స్, జేలిక్స్ హంట్ ఒంటరి పోరులో గెలిచారు. స్వెట్ ఒక్కడికే రెండున్నర శాక్‌లు.

ఇప్పుడు అసలు సంగతి. రష్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకురావడం) ఎక్కడి నుంచి వస్తోంది అన్నదాన్ని బట్టి క్వార్టర్‌బ్యాక్ పని మారిపోతుంది. అంచుల నుంచి వస్తే దారి ఉంది. రెండడుగులు ముందుకి వేసి పాకెట్ (లైన్ కాపాడే చోటు) లోపలికి వెళ్తే ట్యాకిల్స్ ఆ వచ్చేవాళ్లని వెనకవైపుకి నెట్టేస్తారు, వాళ్లు ఇతన్ని దాటిపోతారు. మధ్యలోంచి వస్తే ఆ ముందడుగుకే చోటు ఉండదు. చాలామంది అభిమానులు అంచున వచ్చేవాళ్ల పేర్లే చెప్పుకుంటారు గానీ, నా లెక్కలో క్వార్టర్‌బ్యాక్‌ని నిజంగా పాడుచేసేది మధ్య రష్. 2008 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఓటమే ఎరగని పేట్రియట్స్‌ని జెయింట్స్ 17-14తో ఓడించినప్పుడు పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఐదుసార్లు శాక్ అయ్యాడు. అంచున ఆడే జస్టిన్ టక్‌ని ఆ రోజు లోపలికి తెచ్చి గార్డుల మీదికి వదిలారు. సూపర్ బౌల్ 56లో బరో ఆఖరి బంతిని చెడగొట్టిన ఆరన్ డోనాల్డ్ కూడా లోపలివాడే.

మీ కబడ్డీ సూత్రం అచ్చంగా ఇక్కడా వర్తిస్తుంది మాస్టారూ. వచ్చేవాడి వైపు చూశాడా, అక్కడితో ఆ పాస్ అయిపోయినట్టే. కళ్లు ముందుకి, రెండు చేతులూ బంతి మీద, కాళ్లు ఆగకుండా కదులుతూ ఉండాలి. ప్రాక్టీస్‌లో కోచ్‌లు పెద్ద పెద్ద మెత్తలతో పక్క నుంచి కొడుతూ ఉంటే క్వార్టర్‌బ్యాక్‌లు కళ్లు తిప్పకుండా బంతి వేసేవాళ్లు. అది రోజూ ఉండేది.

స్నాప్‌కి ముందు పని ఇంకా ఎక్కువ. మధ్య లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాణ్ణి) వేలితో చూపించి అరవడం మీరు చూసే ఉంటారు, లైన్ ఎవరెవర్ని పట్టుకోవాలో లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. అరుపుల తాళం మారుస్తూ ఉండాలి. ఎప్పుడూ ఒకేలా ఉంటే స్నాప్ ఎప్పుడో రషర్లకి ముందే తెలిసిపోతుంది. బలమైన రషర్ ఉన్న వైపు రన్నింగ్ బ్యాక్‌నో (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) టైట్ ఎండ్‌నో (లైన్ చివర నిలబడి పాస్ కూడా అందుకునేవాడు) పెట్టి, వాళ్లు రూట్‌కి (పాస్ అందుకునే పరుగుకి) వెళ్లేముందు అతనికి ఒక గుద్దు గుద్దేలా చూసుకోవాలి.

ఏదీ కుదరకపోతే బంతి పారెయ్యాలి. ట్యాకిల్స్ ఉన్న చోటు దాటి పక్కకి వచ్చేసి, బంతి స్క్రిమేజ్ లైన్ (ప్లే మొదలైన గీత) దాకా చేరేలా బయటికి విసిరితే పెనాల్టీ లేదు. చూసేవాళ్లకి చప్పగా ఉంటుంది గానీ ఆ నిర్ణయం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. సూపర్ బౌల్ 59 రెండో క్వార్టర్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. మహోమ్స్ వరసగా రెండుసార్లు శాక్ అయ్యాడు. మూడో డౌన్‌కి (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి) 16 యార్డులు కావాల్సి వచ్చింది. తర్వాత వేసిన బంతిని ఈగిల్స్ ఆటగాడు కూపర్ డిజీన్ పట్టుకుని 38 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. శాక్ అంటే పోయిన ఏడెనిమిది యార్డులు మాత్రమే కాదు, తర్వాతి బంతిని ఎలా వెయ్యాల్సి వస్తుందో కూడా అదే నిర్ణయిస్తుంది.

బరో సంగతి: ఆ తొమ్మిది శాక్‌ల మధ్యలో 348 యార్డులు వేశాడు, అది అతని గొప్పతనం. కానీ అవతల టైటన్స్ క్వార్టర్‌బ్యాక్ ర్యాన్ టానెహిల్ మూడు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల చేతికి పోయిన పాస్‌లు) ఇచ్చాడు. అది కూడా లెక్కలో వెయ్యాలి.

రాజాం టు రాలీ:

నాగావళి గారూ, మీరు రాసినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. పాలకొండ కుర్రోడిలా మహోమ్స్ తప్పేం లేదని పూర్తిగా వదిలెయ్యడం మాత్రం ఒప్పుకోను. అతనికి వెనక్కి వెనక్కి వెళ్లే అలవాటు ఉంది. సూపర్ బౌల్ 55లో బంతి వదిలేలోపు, లేదా శాక్ అయ్యేలోపు, అతను అటూ ఇటూ పరిగెత్తిన దూరం మొత్తం 497 యార్డులని లెక్కగట్టారు. క్వార్టర్‌బ్యాక్ తను ఉండాల్సిన చోట ఉంటాడన్న నమ్మకంతోనే ట్యాకిల్ అవతలివాణ్ణి వెనక్కి నెడతాడు. ఇతను ఇంకా వెనక్కి పోతే ఆ నెట్టినవాడు తిన్నగా ఇతని దగ్గరికే వస్తాడు.

సరైన జవాబు చూడాలంటే బ్రేడీ ఆడిన సూపర్ బౌల్ 51 చూడండి. అతన్నీ ఐదుసార్లు శాక్ చేశారు, ఒక దశలో ఫాల్కన్స్ 28-3తో ముందున్నారు. కానీ పొట్టి పాస్‌లు ఆపలేదు. రన్నింగ్ బ్యాక్ జేమ్స్ వైట్ ఒక్కడే 14 పాస్‌లు అందుకున్నాడు. పేట్రియట్స్ మొత్తం 93 ప్లేలు ఆడారు. నాలుగో క్వార్టర్‌కి ఫాల్కన్స్ రషర్లకి కాళ్లు లేవలేదు. ఓవర్‌టైమ్‌లో పేట్రియట్స్ 34-28తో గెలిచారు. బలమైన రష్‌ని ఆపలేకపోతే అలిసిపోయేలా చెయ్యాలి, నా ఓటు దానికే.

తోటపాలెం పీఈటీ:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ముఖ్యంగా మధ్య రష్, అంచు రష్ తేడా నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. నాగావళి బావూ, ఇంకొక్క మాట. లాస్ ఏంజెలెస్ 2028 ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా నడుముకున్న గుడ్డ లాగే ఆట) పెట్టారు కదా. మా గ్రౌండ్‌లో పిల్లలకి అది పరిచయం చేద్దామని ఉంది. అందులో లైనే ఉండదు, మరి పిల్లకి గానీ పిల్లాడికి గానీ రష్ సంగతి ఎలా నేర్పాలి?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

తప్పకుండా మొదలుపెట్టండి మాస్టారూ, మన పిల్లలకి బాగా నప్పే ఆట. జట్టుకి ఐదుగురు, బ్లాకింగ్ ఉండదు, రషర్ 7 యార్డుల దూరం నుంచి బయల్దేరాలి. కాబట్టి వాడు ఎప్పుడు చేరతాడో ముందే లెక్క వేసుకోవచ్చు.

మొదటి వారం రషర్ వద్దు. బంతి చేతికి రాగానే మూడడుగులు వెనక్కి వేసి వదిలెయ్యాలి, మీరు గట్టిగా "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, రెండు దాటితే ఆ పాస్ చెల్లదు. తర్వాత రషర్‌ని పెట్టండి. వాడు తాకకుండా పక్క నుంచి దాటిపోతే చాలు. ఆ సమయంలో ఎదురుగా మీరు నిలబడి వేళ్లు చూపించండి, ఎన్ని వేళ్లో క్వార్టర్‌బ్యాక్ పైకి చెబుతూ బంతి వెయ్యాలి. తప్పు చెప్పాడంటే కళ్లు రషర్ మీదికి పోయాయన్నమాట. కబడ్డీ ఆడే పిల్లలు కాబట్టి ఇది త్వరగానే పట్టుకుంటారు. బంతి మాత్రం చిన్న సైజుది తెప్పించండి, పెద్దది వాళ్ల చేతికి ఆనదు.