చేప చావలేదంటే మందు ఏమీ చేయనట్టేనా?

నీటిచుక్క:
పురుగుమందు నీళ్లలో కలిసినా చేపలు తేలకపోతే "ఏం కాలేదులే" అనుకోవడం మామూలైపోయింది. 96 గంటల్లో సగం చేపల్ని చంపే మోతాదునే కొలబద్దగా పట్టుకుంటూ రావడం వల్ల వచ్చిన అలవాటిది. అందులో పదో వంతు మోతాదులో ఉంచితే చేప బతికే ఉంటుంది. కానీ దాని కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (శరీరం దాచుకున్న చక్కెర నిల్వ) తరిగిపోయి లాక్టిక్ ఆమ్లం పెరిగినట్టు ఎన్నో ప్రయోగాల్లో తేలింది. దీన్ని నష్టం అనాలా, తట్టుకోవడం అనాలా? నా మటుకు నష్టమే.

చెరువుగట్టు:
నేను ఒప్పుకోను. వలతో కాసేపు తరిమినా చేప రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, గ్లూకోజ్ పెరుగుతాయి, కండరాల్లో గ్లైకోజెన్ తగ్గుతుంది. మేత ఆగినా నిల్వలు కరుగుతాయి. ఇలాంటి నాలుగు రోజుల పరీక్షల్లో మామూలుగా మేత వెయ్యరు కూడా. ఏ కష్టం వచ్చినా శరీరం దాచుకున్నది తీసి వాడుకుంటుంది, నిల్వ ఉన్నదే అందుకు. అంతమాత్రాన మందు జీవక్రియను పాడుచేసిందని తేల్చేస్తే ఎలా?

ల్యాబ్‌బెంచ్:
వల, పస్తు రెండూ మందు లేని తొట్టెలోని చేపలకూ ఉంటాయి కదండీ. మేం పోల్చేది వాటితోనే. గ్లైకోజెన్ ఒక్కటే చూస్తే మీ మాట కొంత నిలుస్తుంది, పక్కన ఎంజైములు కూడా పెట్టి చూడండి. ఆక్సిజన్‌తో శక్తి తీసే దారిలోని సక్సినేట్ డీహైడ్రోజనేజ్ పడిపోవడం, ఆక్సిజన్ చాలనప్పుడు పనికొచ్చే లాక్టేట్ డీహైడ్రోజనేజ్ పెరగడం పదే పదే కనిపించాయి.

నాకు తెలిసి దీనికి ఒక పెద్ద కారణం మొప్పలు. మందు తగిలిన మొప్పను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. సన్నటి రేకుల పైపొర లోపలి రక్తనాళాల నుంచి ఉబ్బి లేచిపోయింది. పక్కపక్క రేకులు అతుక్కుపోయాయి, మీద జిగురు పేరుకుంది. ఆక్సిజన్ రక్తంలోకి చేరడానికి దాటాల్సిన దూరం అలా పెరుగుతుంది. తొట్టెలో గాలి బుడగలు ఆడుతూనే ఉన్నా ఆ చేపలు పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేశాయి. దాన్ని సర్దుబాటు అనడానికి నాకు మనసు రాదు.

చెరువుగట్టు:
ఆ పొర లేవడం, జిగురు కూడా రక్షణే అంటారు కొందరు. మందు లోపలికి పోయే దారి మందమవుతుంది. ఇంకోటి, మీది గాజు తొట్టె, తేట నీళ్లు. పైరెత్రాయిడ్ల లాంటి పురుగుమందులు అడుగు మట్టికీ కుళ్లిన ఆకుకూ గట్టిగా అంటుకుపోతాయి, చెరువు నీళ్లలో చేపకు అందేది తక్కువ.

ల్యాబ్‌బెంచ్:
రక్షణే అనుకుందాం. ఆక్సిజన్ రావాల్సిందీ ఆ దారినే కదండీ! మట్టికి అంటుకోవడం మాత్రం నిజం, మా పనిలో లోటు అది.

నీటిచుక్క:
మట్టికి అంటుకునేలోపే వాన వరదతో ఒక్కసారిగా వచ్చి పడే మందు సంగతేంటి? చేప కంటే ముందు నీటి ఈగల్లాంటి చిన్న ప్రాణులు పోతాయి. చేప పిల్లల మేత అదే. పస్తు వల్ల నిల్వ కరిగిందన్నారు మీరు. ఆ పస్తు పెట్టింది కూడా మందే. పైగా నిల్వ అయిపోయాక చేప కండలోని ప్రోటీన్‌ను విరిచి శక్తికి వాడుకుంటుంది. ఆడచేప గుడ్లకు పచ్చసొన ప్రోటీన్ తయారయ్యేదీ కాలేయంలోనే. అక్కడే ఖర్చైపోతే ఎదుగుదలకు, గుడ్లకు ఏం మిగులుతుంది?

చెరువుగట్టు:
పస్తు మాట బాగా తగిలింది, ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి అడుగుతాను. మంచినీళ్లలోకి మార్చాక గ్లైకోజెన్ మళ్లీ చేరితే దాన్ని శాశ్వత నష్టం అనకూడదు. ఎన్ని ప్రయోగాల్లో అంతదాకా ఆగి చూస్తున్నారు?

ల్యాబ్‌బెంచ్:
చాలామంది ఆగరు, ఆగాల్సిందే. ఆగినప్పుడు మెదడు కూడా చూడాలి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు, నరాల సంకేతాలను సకాలంలో ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టుకుంటే ఒక దశ దాటాక వదలదు. శరీరం కొత్త ఎంజైమును తయారు చేసుకోవాలి, దానికి వారాలు పట్టొచ్చు. అప్పటికి కాలేయం నిండి ఉండొచ్చు, చేప మాత్రం ఇంకా మందకొడిగానే ఈదుతూ ఉంటుంది. కార్బమేట్లనే ఇంకో రకం మందుల విషయంలో ఆ పట్టు త్వరగానే వదులుతుంది. అందుకే అన్ని మందుల్నీ ఒక గాటన కట్టి "కోలుకుంది", "కోలుకోలేదు" అనొద్దు.

చెరువుగట్టు:
సరే, మెదడు, కాలేయం రెండూ కొలిచి, కనీసం నెల రోజులు మంచినీళ్లలో ఉంచి చూడండి. ఆ లెక్కలు ఇక్కడ పెడితే నా మాట మార్చుకోవడానికి నేను సిద్ధం.