కినోవా ఉప్మా చేదొచ్చింది, కడగడంలో తప్పు చేశానా?

ప్రశ్న (నిజామాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి షుగర్. ఈమధ్య డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారు. రాత్రిపూటకి కినోవా మొదలుపెడదామని అరకిలో ప్యాకెట్ తెచ్చి నిన్న ఉప్మా చేశాను. తాలింపు బాగా పడింది, క్యారెట్, బీన్స్ వేశాను, వాసన కూడా బాగుంది. మామయ్యగారు రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టేశారు. "చేదుగా ఉందమ్మా, మెంతులు పడ్డాయా?" అని మాత్రం అడిగారు. మెంతులు నేను వేయనే లేదు. నోట్లో పెట్టుకుని చూస్తే నిజంగానే నాలుకకి సబ్బు తగిలినట్టు ఒక చేదు. పెద్దాయన మజ్జిగ తాగి పడుకున్నారు. రాత్రంతా నాకు మనసు బాగోలేదు.

కడగకుండా వండలేదండీ. బియ్యం కడిగినట్టే ఒకసారి నీళ్ళు పోసి, కలిపి, వంచాను. వంచుతుంటే గింజలన్నీ నీళ్ళతోపాటు సింకులోకి జారిపోతున్నాయి. భయపడి రెండోసారి కడగలేదు. చిల్లుల గిన్నెలో పోస్తే చిల్లుల్లోంచి దిగిపోతున్నాయి. ఇంకో సంగతి. ఉడికాక ప్రతి గింజకీ తెల్లటి తోకలాంటిది బయటికొచ్చింది. పురుగులేమో అని మా పాప ముట్టుకోనే లేదు. ప్యాకెట్ పాడైపోయిందా? ఎలా కడగాలో, ఎన్నిసార్లు కడగాలో, నానబెట్టాలో లేదో తెలిసినవాళ్ళు చెప్పండి. మిగిలింది పారేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు (గుంటూరు నుంచి)

పారేయకండి, గింజ మంచిదే. దానికి ఒక్క కడుగు చాలదు. నురుగు పోయేదాకా కడగాలి.

జవాబు (డాలస్ నుంచి)

నేను ఇన్నేళ్ళుగా కడగకుండానే వండుతున్నానండీ, ఎప్పుడూ చేదు రాలేదు. ఇక్కడ మేం కొనే ప్యాకెట్ల మీద ముందే కడిగినవి అని రాసి ఉంటుంది. మీ దాని మీద ఏం రాసుందో ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు

చూశాను అక్కా. కడిగినట్టు ఎక్కడా లేదు. "శుభ్రపరచినది" అని మాత్రం ఉంది.

జవాబు (అనంతపురం నుంచి)

అమ్మా, శుభ్రపరచడమంటే రాళ్ళు, పుల్లలు, దుమ్ము తీసేయడం. చేదు తీయడం వేరే పని. ఇంటి దగ్గర టిఫిన్లు చేసి ఇస్తుంటాను, కినోవా వారానికి రెండుసార్లయినా నా చేతుల్లోంచి పోతుంది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తలంటు రోజున కుంకుడుకాయలు వేడినీళ్ళలో వేసి పిసికితే నురుగొస్తుంది కదా. ఆ నురుగునిచ్చే పదార్థాన్ని సపోనిన్ అంటారు. కుంకుడు రసం మూతి మీదికి జారి నోట్లోకి పోతే ఎంత చేదో మనందరికీ చిన్నప్పుడే తెలుసు. అదే జాతి పదార్థం కినోవా గింజ పైపొరలో ఉంటుంది. పిట్టలు తినకుండా గింజని కాపాడేది అదే. గింజ మీద పూతలా పట్టి ఉంటుంది కాబట్టి ఊరికే నీళ్ళు పోసి వంచితే వదలదు, చేత్తో రుద్దాలి. బియ్యం కడిగితే మనం పోగొట్టేది దుమ్ము, తవుడు. ఇక్కడ పోగొట్టాల్సింది సబ్బు. బట్టలో సబ్బు మిగలకుండా ఎలా జాడిస్తామో అలా జాడించాలి.

ఈ పంటకి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా దేశాల్లో వేల ఏళ్ళుగా తింటున్నారు. బొలీవియాలో ఉయుని ఉప్పు మైదానం చుట్టుపక్కల పల్లెల్లో పాతకాలంలో గింజల్ని కాస్త వేయించి, రాతి తొట్టిలో పోసి, కాళ్ళతో తొక్కి పైపొర ఊడగొట్టేవాళ్ళు. తర్వాత తూర్పారబట్టి, ఆపైన నీళ్ళతో కడుక్కునేవాళ్ళు. అంత కష్టపడితే గానీ అది కూడయ్యేది కాదు. ఇప్పుడు ఆ పని మిషన్లు చేస్తున్నాయి. మిషన్లో రాపిడి బాగా జరిగి, కడిగి ఆరబెట్టిన సరుకైతే డాలస్ అక్కయ్యగారు చెప్పినట్టు చేదు ఉండదు. రాపిడి సరిగ్గా జరగకపోతే మీకొచ్చినట్టు వస్తుంది. కాబట్టి ఎవరో మూడుసార్లు కడగమన్నారని లెక్కపెట్టుకోవద్దు. మన ప్యాకెట్ సంగతి మన నీళ్ళే చెబుతాయి.

ముందు ఒక పరీక్ష చేయండి. మూత గట్టిగా ఉండే చిన్న గాజు సీసాలో ఒక చెంచా గింజలు వేసి, సగానికి నీళ్ళు పోసి, అర నిమిషం గట్టిగా గిలకొట్టండి. పక్కన పెడితే నీళ్ళ మీద నురుగు మందంగా నిలబడిపోతే అది చేదు సరుకు, బాగా కడగాలి. బుడగలు లేచి వెంటనే చచ్చిపోతే ఒకటి రెండు కడుగులు చాలు. కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని ఇది.

ఇక కడగడం. చిల్లుల గిన్నె పనికిరాదు, గింజ ఇంచుమించు ఆవగింజంతే ఉంటుంది. పెద్ద టీ జల్లెడ ఉంటే అందులో కొంచెం కొంచెంగా కడుక్కోవచ్చు. లేకపోతే పాత కాటన్ పంచె ముక్క, పలుచటిది, అన్నిటికన్నా మేలు. వెడల్పాటి గిన్నె మీద గుడ్డ పరిచి, గ్లాసు గింజలు పోసి, గింజలు మునిగి పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలిచేలా పోయండి. మామూలు చల్లనీళ్ళే. రెండు అరచేతుల మధ్య గింజల్ని తీసుకుని, పసిబిడ్డకి నలుగు పెట్టినంత మెత్తగా రుద్దండి. పిండేయకూడదు, విరిగిపోతాయి. అర నిమిషంలో నీళ్ళు తెల్లగా అయి, గిన్నె అంచున సన్నటి నురుగు కడుతుంది. గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని పైకెత్తితే నీళ్ళు కిందికి దిగిపోతాయి, ఒక్క గింజ పోదు. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు. రెండోసారి నురుగు తగ్గుతుంది. మూడు, నాలుగు సార్లకి మామూలుగా నీళ్ళు తేటపడతాయి. ఆఖరున నాలుగు గింజలు నోట్లో వేసుకుని ముందుపళ్ళతో కొరకండి. పచ్చి రుచి ఉండాలి, చేదు తగలకూడదు. తగిలితే ఇంకో కడుగు. గింజలు చేతికి జిగటగా, జారుడుగా అనిపించినా ఇంకా కడగాల్సి ఉందనే లెక్క.

రాళ్ళ అనుమానం ఉంటే మాత్రం కడిగే ముందు మన పాతపద్ధతిలో గాలించాలి. గింజ తేలిక, బెడ్డ బరువు. గిన్నెలో నీళ్ళతో తిప్పుతూ ఇంకో గిన్నెలోకి వంచుతూ ఉంటే గింజలు నీళ్ళతో వెళ్ళిపోతాయి, ఇసుక, బెడ్డలు అడుగున మిగులుతాయి. మీ సింకులోకి గింజలు జారిపోయాయన్నారే, ఆ జారడమే ఇక్కడ మనకి ఉపయోగం.

కడిగాక గుడ్డని మూటలా కట్టి పావుగంట కుళాయికి వేలాడదీయండి. తడి గింజ చాలా నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది. వడకట్టకుండా వండితే కొలత తప్పి జావలా అవుతుంది. నీళ్ళు దిగాక మూకుట్లో అర చెంచా నెయ్యో నూనో వేసి, సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు వేయించండి. మొదట్లో గింజలు గరిటెకి అంటుకుంటాయి. తర్వాత విడివిడిగా అయి, చిటపటమని ఎగురుతూ వేయించిన పల్లీల వాసన వస్తుంది. అప్పుడు ఎసట్లో వేయాలి. గ్లాసు గింజలకి రెండు గ్లాసులకన్నా కాస్త తక్కువ నీళ్ళు. మూతపెట్టి సన్నటి సెగ మీద పదిహేను నిమిషాలు, దించి ఇంకో పది నిమిషాలు మూత తీయకుండా ఉంచండి. కుక్కర్లో అయితే గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు, ఒక్క విజిల్, ఆవిరి దానంతటదే దిగాలి. సరిగ్గా కడగని గింజ కుక్కర్లో పెడితే నురుగు పొంగి విజిల్లోంచి చిమ్ముతుంది, జాగ్రత్త.

పాపకి చెప్పండి, అది పురుగు కాదు. గింజ చుట్టూ ఉంగరంలా చుట్టుకుని ఉండే మొలక భాగం అది. ఉడికినప్పుడు విడిపోయి తోకలా బయటికొస్తుంది. తోక కనిపించి, గింజ మధ్యభాగం గాజులా మెరిస్తే ఉడికిందని గుర్తు. మధ్యలో తెల్లటి చుక్క మిగిలి ఉంటే ఇంకా ఉడకాలి. ఇది నా వంటింట్లో గడియారం కన్నా నమ్మకమైన లెక్క.

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఇంత శ్రమ అక్కర్లేదండీ. రాత్రి నీళ్ళలో పడేస్తే పొద్దున్నకి చేదంతా పోతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

జవాబు (అనంతపురం నుంచి)

విశాఖ అక్కయ్యగారికి నమస్కారం. మీకు బాగానే కుదురుతుండొచ్చు, పొద్దున్నే నీళ్ళు మార్చి రెండుసార్లు కడుగుతుంటారు కాబట్టి. కొత్తగా చేసేవాళ్ళకి మాత్రం ఈ మాట యథాతథంగా చెప్పకూడదని నా అభిప్రాయం. చేదు నీళ్ళలోకి దిగుతుంది, కానీ ఆ నీళ్ళు గింజల చుట్టూనే ఉంటాయి. అవే నీళ్ళతో పొయ్యి మీద పెడితే దిగిన చేదంతా మళ్ళీ కూరలోకే. పైగా ఈ గింజ చాలా త్వరగా మొలకెత్తుతుంది. ఎండాకాలంలో మా ఊళ్ళో రాత్రంతా నానబెడితే పొద్దున్నకి మొలక పొడుచుకొచ్చి పులిసిన వాసన వేస్తుంది. ఉప్మాకి, పులిహోరకి గింజ మెత్తబడి ముద్దవుతుంది కూడా. నానబెట్టాలనిపిస్తే ముందు రుద్ది కడిగి, తర్వాత అరగంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి ఇంకోసారి జాడించండి. దోసెల పిండికైతే వేరే లెక్క. మినప్పప్పుతో కలిపి నాలుగైదు గంటలు నానాల్సిందే. అప్పుడు కూడా కడిగాకే నానబెట్టాలి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

నిజమే, నేను పొద్దున మళ్ళీ కడుగుతాను. ఆ మాట రాయడం మర్చిపోయాను, రాయాల్సింది.

జవాబు (భీమవరం నుంచి)

కడిగిన నీళ్ళు మొక్కలకి పోయొచ్చా అని ఎవరైనా అడుగుతారేమో, ముందే చెబుతున్నాను. మా వైపు చెరువుల్లో చేపపిల్లల్ని వేసే ముందు పనికిరాని చేపల్ని తీసేయడానికి ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిప్పి) చల్లుతారు. అందులో పనిచేసేది కూడా సపోనినే, చేపలకి అది విషం. అందుకని కినోవా కడిగిన నీళ్ళు ఇంట్లో చేపల తొట్టిలోకో, చేపలున్న తామర కుండీలోకో పోకుండా చూసుకోండి. సింకులో పారబోయడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. సీసా పరీక్ష ఇప్పుడే చేశాను. నురుగు వేలెడు మందం నిలబడింది, పది నిమిషాలైనా దిగలేదు! గుడ్డలో వేసి కడిగితే ఐదోసారికి నీళ్ళు తేటపడ్డాయి. నాలుగోసారి కొరికితే గొంతు చివర కొంచెం చేదు తెలిసింది, ఐదోసారికి లేదు. వేయించేటప్పుడు ఆ చిటపట శబ్దం విని పాప వంటింట్లోకి వచ్చింది, తోక సంగతి దగ్గరుండి చూపించాను. ఇందాక మామయ్యగారికి నిమ్మకాయ పులిహోర చేసిపెట్టాను. మారు వడ్డించుకున్నారు.

ఇంకో రెండు సందేహాలు. మామయ్యగారికి ఇది కడుపునిండా పెట్టొచ్చా? వారానికి సరిపడా ఒకేసారి కడిగి ఆరబెట్టుకోవచ్చా?

జవాబు (గుంటూరు నుంచి)

నేనూ షుగర్ ఉన్న మనిషినే. మా డైటీషియన్ గారు చెప్పిందే రాస్తున్నాను. కినోవాలోనూ పిండిపదార్థం తక్కువేం లేదు, 100 గ్రాముల పచ్చి గింజల్లో సుమారు 64 గ్రాములు ఉంటుంది. బియ్యంలో 80 దగ్గర. మాంసకృత్తులు, పీచు బియ్యం కన్నా ఎక్కువ కాబట్టి ఆకలి ఆగుతుంది, అదీ లాభం. కొలత లేకుండా తింటే షుగర్ పెరుగుతుంది. మామయ్యగారికి ఉడికినది చిన్న కప్పు పెట్టి, పక్కన కూర, పప్పు ఎక్కువ పెట్టండి. ఎంత పెట్టాలో ఆయన డాక్టరుగారినే అడగండి. గ్లాసు గింజలు ఉడికితే మూడు గ్లాసులవుతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

జవాబు (అనంతపురం నుంచి)

ఆయన మారు వడ్డించుకున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉందమ్మా.

కడిగి ఆరబెట్టడం నేను చేసి చూశాను. మంచి ఎండలో పలుచగా పరిచి, మధ్యమధ్యలో కలుపుతూ పూర్తిగా ఆరబెడితే నిలవ ఉంటుంది. కొంచెం తడి మిగిలినా లోపల మొలకొచ్చి బూజు పడుతుంది. ముసురు రోజుల్లో అసలు చేయొద్దు. దానికన్నా రెండు రోజులకి సరిపడా ఒకేసారి వండి, చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవడం సులువు. మర్నాడు పొడిపొడిగా ఉండి పులిహోరకి ఇంకా బాగుంటుంది.

జవాబు (కరీంనగర్ నుంచి)

కొర్రలు, సామలు కూడా ఇలాగే రుద్ది కడగాలా అక్కా? చిరుధాన్యాలన్నీ ఒకటే కదా.

జవాబు (అనంతపురం నుంచి)

లేదు తమ్ముడూ. కొర్రలు, సామలు గడ్డి జాతి, వాటికి ఈ చేదు పూత ఉండదు. రెండుసార్లు కడిగి, కొన్ని గంటలు నానబెడితే చాలు. కినోవాని షాపుల్లో చిరుధాన్యాల పక్కనే పెట్టి అమ్ముతారు గానీ, అది మన తోటకూర కుటుంబంలోది, చక్రవర్తి కూరకి దగ్గర చుట్టం. ఎరుపు, నలుపు రంగుల కినోవా కూడా దొరుకుతుంది. వాటినీ ఇలాగే కడగాలి, ఉడకడానికి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నల్లవాటికి నీళ్ళు రంగు దిగుతాయి కాబట్టి తేటపడేదాకా అని చూస్తూ కూర్చోవద్దు, నురుగు ఆగిందా లేదా అనేదే చూడు.