వైజాగ్‌లో లో టైడ్ టైమ్ చూసుకునే వెళ్తున్నా రాళ్ళు మునిగే ఉంటున్నాయి, ఎందుకంటారు?

మధురవాడ_బాచి:

అందరికీ నమస్తే. మంగమారిపేటలో సముద్రం ఒడ్డున రాతి తోరణం ఉంది కదా, తొట్లకొండకి ఎదురుగా, అక్కడ నీళ్ళు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ గుంటల్లో చిన్న చిన్న పీతలు, నత్తలు, సీ అనిమోన్లు భలే కనిపిస్తాయి, వేలు దగ్గరికి తీసుకెళ్తే చాలు టక్కున ముడుచుకుపోతాయి, మా పిల్లలకి అదొక పిచ్చి. మార్చిలో ఫోన్‌లో టైడ్ యాప్ చూసుకుని వెళ్తే లో టైడ్ 0.3 మీటర్లు అంది, నిజంగానే తోరణం కాళ్ళ దాకా నడిచి వెళ్ళిపోయాం. మొన్న నవంబర్‌లో మళ్ళీ అదే యాప్, అదే 0.3, టైమ్ కూడా పక్కాగా చూసుకుని వెళ్తే మార్చిలో మేం కూర్చున్న రాయి జాడే లేదు. గాలి లేదు, వాన లేదు, ఎండ కాస్తోంది, కెరటాలు మాత్రం ఒక్కోటి వచ్చి రాళ్ళ మీద దబీమని పడుతున్నాయి. యాప్ తప్పా, నేను చూడ్డం తప్పా?

ఇంకోటి. ఆ వారమే బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనం, వాయుగుండం అని టీవీలో విశాఖ పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక అని స్క్రోలింగ్ వేశారు, మా ఆవిడ ఇక బీచ్ మాటెత్తనివ్వలేదు. ఈ ఒకటి, మూడు, పది అనేవి అసలు దేని లెక్క? భూకంపానికి స్కేల్ ఉన్నట్టు పెరిగే కొద్దీ గాలి ఎక్కువనా?

పాత_పోర్టోడు:

బాచి గారూ, ముందు టైడ్ సంగతి. పోర్టు మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైర్ అయినవాణ్ణి కాబట్టి తెలిసినంత చెప్తాను, మిగతావాళ్ళు సవరించండి.

మన విశాఖలో పోటు పాట్లు, అంటే హై టైడ్, లో టైడ్, అసలు పెద్దవే కావు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అమావాస్య పౌర్ణమికి పైకీ కిందకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే, అష్టమి రోజుల్లో అయితే అర మీటరు ఉంటే గొప్ప. యాప్‌లో 0.3 అంటే సున్నా నుంచి లెక్క, ఆ సున్నా అంటే ఓడల చార్టుల్లో లోతులు కొలవడానికి పెట్టుకున్న మట్టం, దాదాపు నీళ్ళు అంతకంటే కిందకి పోవు అనుకునే గీత. సగటు సముద్ర మట్టం దానికి సుమారు 0.8 మీటరు పైన ఉంటుంది.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఆ సగటు కూడా ఏడాది పొడుగునా ఒక్కచోట ఉండదు. బంగాళాఖాతం మన ఒడ్డున మార్చి, ఏప్రిల్‌లో బాగా దిగి ఉంటుంది, అక్టోబర్, నవంబర్‌కి ఉబ్బి ఉంటుంది, రెండింటికీ తేడా అడుగు పైనే. వానాకాలంలో గోదావరి, మహానది, గంగ తెచ్చి పోసిన మంచినీళ్ళు పైన తేలికగా పరుచుకుని ఉంటాయి, దానికి తోడు గాలి మారి ఒడ్డు వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరిగి నీళ్ళని ఒడ్డుకి ఒత్తి ఉంచుతుంది. ఒకటిన్నర మీటరు ఆడే చోట అడుగు అంటే తక్కువేం కాదు కదా. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు డెహ్రాడూన్ నుంచి వేసే టైడ్ టేబుల్స్‌లో ఈ సీజన్ తేడా కలిపే ఉంటుంది, ఫ్రీగా దొరికే యాప్‌లు కొన్ని చంద్రుడు సూర్యుడు లెక్క కట్టేసి ఊరుకుంటాయి. మీ మార్చి 0.3, నవంబర్ 0.3 ఒకటి కాకపోవడం అందుకే అయ్యుంటుంది.

పైగా వాయుగుండం అన్నారు కాబట్టి ఇది కూడా కలుపుకోండి, గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే నీళ్ళు ఒక సెంటీమీటరు లేస్తాయి, పది తగ్గితే పది.

యాప్ లేకుండా చూసుకోవాలంటే మా పాతవాళ్ళ లెక్క ఒకటుంది, విశాఖలో అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఉదయం 9 అటూ ఇటూ, మళ్ళీ రాత్రి 9కి, పాటు మధ్యాహ్నం 3కీ తెల్లవారుజామున 3కీ. రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది. అష్టమికి ఇది తిరగబడుతుంది, పొద్దున్న 9కి పాటు, కానీ ఆ రోజు పెద్దగా దిగదు. అన్నిటికంటే కిందకి దిగేది అమావాస్య పౌర్ణమి నాడు కాదు, అది దాటిన మర్నాడో ఎల్లుండో.

భావ్‌నగర్_బోసన్:

ఒకటిన్నర మీటరుకి ఇంత పంచాయితీయా 😄 గుజరాత్‌లో భావ్‌నగర్ వచ్చి చూడండి, 10 మీటర్లు లేస్తాయి నీళ్ళు, పొద్దున్న సముద్రంలో ఉన్న పడవ సాయంత్రానికి బురదలో పక్కకి ఒరిగి పడుంటుంది. కాండ్లాలో కూడా ఆరు మీటర్ల పైనే. అక్కడ టైడ్ టేబుల్ చూడకుండా ఓడ కదలదు, మన వైజాగ్‌లో ఓడని పోర్టులోకి తెచ్చే పైలట్‌కి గాలీ కెరటమే పెద్ద తలనొప్పి.

ఫైబర్‌బోటు:

బోసన్ అన్న మాట నిజమే, మావోళ్ళు యేటకి ఎల్లేటప్పుడు పోటూ పాటూ చూసుకుని ఎల్లేది లేదు, ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకి ఎప్పుడూ నీళ్ళుంటాయి. మా ఫైబర్ బోట్లు ఇసక మీంచి దించాలి కాబట్టి మాకు కెరటమే ముఖ్యం. కెరటాలు జట్టు జట్టుగా వస్తాయి, పెద్దవి వరసగా పడిపోయాక కాసేపు ఊపిరి తీసుకుంటాది సముద్రం, ఆ సందులో ఇంజన్ లాగి దాటేయాల. దానికి యాప్ లేదు బాబూ, ఒడ్డున నిలబడి చూడాల్సిందే.

కానీ మొగల దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, మాత్రం పాటు చూసుకోవాల. భీమిలి దగ్గర గోస్తనీ మొగ, కళింగపట్నం దగ్గర వంశధార మొగ, ఇలాంటి చోట పాటుకి నీళ్ళు లోపల్నుంచి బయటికి జోరుగా లాగేస్తుంటే బయట్నుంచి వచ్చే కెరటం దానికి ఎదురు కొట్టి నిట్టనిలువుగా లేస్తాది, బోటు ముక్కు లేపి పక్కకి తిప్పేస్తాది. అందుకే లోపలికి వచ్చేటప్పుడు పోటు మీద వస్తారు, ఆలస్యమైతే బయటే ఆగుతారు.

మట్టం సంగతి పోర్టు బాబుగారు చెప్పారు గానీ ప్రవాహం మాకు వలలోనే తెలిసిపోతాది. శివరాత్రి దాటిన కాణ్ణించి వల ఉత్తరానికి లాగుతాది, దీపావళి టైమ్‌కి దక్షిణానికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే.

అలలెక్క:

బాచి గారి పోస్ట్‌లో నాకు పట్టిన మాట "గాలి లేదు వాన లేదు, కెరటాలు మాత్రం" అన్నది. మట్టం ఒక కారణం, రెండోది ఇది. ఓషనోగ్రఫీ చదువుకున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, క్షమించండి.

మీ ముందు పడే కెరటం మీ ఊరి గాలికి పుట్టిందే కానక్కర్లేదు. హిందూ మహాసముద్రం దక్షిణం చివర, అంటార్కిటికా వైపు తుఫానులు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి, అక్కడ లేచిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి కొన్ని రోజుల తర్వాత మన ఒడ్డుకి చేరతాయి. దీన్నే స్వెల్ అంటారు. గుర్తు పట్టడం తేలిక, ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, ఐదారు సెకన్లకి ఒకటి వస్తుంటే అది ఇక్కడి గాలి పని, పద్నాలుగు పదిహేను సెకన్లకి ఒకటి వస్తుంటే దూరం నుంచి వచ్చింది. దూరం నుంచి వచ్చేది సముద్రంలో చూస్తే అర మీటరు ఎత్తు కూడా కనిపించదు, కానీ ఒడ్డుకొచ్చాక రాళ్ళు ఎక్కి లోపలి దాకా పాకుతుంది, తుడుచుకుపోయేంత బలం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ ఎక్కువ, కేరళలో దీనికి కల్లక్కడల్ అని పేరు కూడా ఉంది, ఎండ ఫెళ్ళున కాస్తుండగానే ఇళ్ళలోకి నీళ్ళొచ్చేస్తాయి.

కాబట్టి టైడ్ యాప్ ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు అని నవ్వుతారు కానీ దేశం మొత్తానికీ అలల అంచనా, సునామీ హెచ్చరిక ఇచ్చేది అక్కణ్ణుంచే. విశాఖ దగ్గర సముద్రంలో వాళ్ళ వేవ్ రైడర్ బోయా తేలుతూ ఉంటుంది, అల ఎత్తు ఎంత, ఎన్ని సెకన్లకి ఒకటి, ఎటు నుంచి అన్నీ పంపిస్తుంది. వాళ్ళదే సముద్ర అని యాప్ ఉంది, అందులో స్వెల్ హెచ్చరికలు, హై వేవ్ అలర్ట్ ఉంటాయి. ఉత్తర కోస్తాకి అలర్ట్ ఉంటే టైడ్ 0.1 ఉన్నా సరే రాళ్ళ మీదకి పిల్లల్ని తీసుకెళ్ళకండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆర్కే బీచ్‌లో, యారాడలో మునిగిపోయేది ఎక్కువగా పెద్ద కెరటం కొట్టి కాదు. రెండు పక్కలా తెల్లగా నురగ లేస్తూ కెరటాలు విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం కాస్త ముదురు రంగులో, నున్నగా, అలలు విరగకుండా ఉంటుంది. చూసేవాడికి అదే సేఫ్ అనిపిస్తుంది, అక్కడే దిగుతాడు, ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీలోంచి బయటపడాలి.

ఫైబర్‌బోటు:

అలలెక్క సారూ, ఆ నున్నటి పట్టీ గురించి బాగా చెప్పారు, మా పిల్లలకి కూడా అదే చెప్తాం. కానీ యాప్ మీద మరీ అంత నమ్మకం పెట్టించకండి, సముద్రం మొత్తానికి ఇచ్చే అంచనా వేరు, మా పేట ఎదురుగా ఇసక ఈ నెల ఎక్కడ మేట వేసిందో అది వేరు. ఇసక జరిగితే కెరటం విరిగే చోటు జరుగుతాది.

అలలెక్క:

ఒప్పుకుంటాను, అంచనా లోతు నీళ్ళకే, ఒడ్డు దగ్గర మీ కన్నే కరెక్ట్. ఇసక విషయం విశాఖలో మరీను. మన ఒడ్డు ఆగ్నేయానికి చూస్తుంది, దక్షిణం నుంచి వచ్చే అల ఏటవాలుగా తగిలి ఇసకని ఉత్తరానికి తోసుకుంటూ పోతుంది. 1933లో హార్బర్ తెరిచే ముందే ఈ ఇసక ముఖద్వారాన్ని పూడ్చేస్తుందని పాత ఓడలు రెండు ముంచి అడ్డుగోడ కట్టారు. ఇప్పటికీ ద్వారానికి దక్షిణాన ఇసక పట్టే గొయ్యిలోంచి తవ్వి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు, అలా పోయకపోతే అటు బీచ్ కోసుకుపోతుంది.

మధురవాడ_బాచి:

అబ్బ, ఒక్క ప్రశ్నకి ఇంత సమాచారమా, అందరికీ థ్యాంక్స్. పోర్టు గారూ, ఆ నంబర్ల సంగతి మర్చిపోయారు.

పాత_పోర్టోడు:

మర్చిపోలేదు బాబూ, టైపింగ్‌కి చేతులు నొప్పి.

ఆ నంబర్లు మీకోసం కాదు, ఓడల కోసం. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం చెప్తే పోర్టులో ఎగరేస్తారు, పగలు నల్లటి ఆకారాలు, రాత్రి ఎరుపు తెలుపు దీపాలు. ఒకటి, రెండు అంటే దూరంగా సముద్రంలో ఏదో ఉంది, పోర్టుకి ఇప్పటికిప్పుడు ఏం కాదు, బయటికి పోయే ఓడలు చూసుకోండి అని. మూడు, నాలుగు అంటే ఇక్కడే ఈదురుగాలి తగలొచ్చు. టీవీ వాళ్ళకి అన్నీ ప్రమాద హెచ్చరికలే.

ఐదు నుంచి మీరనుకున్న స్కేలు కుదరదు. ఐదు, ఆరు, ఏడు, ఈ మూడూ ఒకే స్థాయి, తేడా తుఫాను దారిలోనే. ఐదు అంటే తుఫాను వెళ్ళే దారికి మన పోర్టు ఎడమ పక్కన ఉంటుంది, ఆరు అంటే కుడి పక్కన, ఏడు అంటే మన మీదుగానో బాగా దగ్గరగానో. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస, కాకపోతే తీవ్ర తుఫానుకి. పదకొండు అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, దానికి గాలితో పని లేదు.

ఈ కుడీ ఎడమా ఎందుకంటే, తుఫాను పడమరకి వస్తుంటే గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది కదా, తీరం దాటే చోటికి ఉత్తరాన, అంటే దారికి కుడివైపు, గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడుతుంది, నీళ్ళని తోసుకొస్తుంది. ఎడమ పక్క ఊళ్ళకి గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది, ఉప్పెన తక్కువ. కాబట్టి ఐదు కంటే ఆరు అంటేనే మాకు ఎక్కువ కంగారు. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు మనం ఎడమ పక్కన ఉన్నాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా మన మీదే దాటింది, ఆ రోజు మామూలు పోటు మట్టానికి పైన 1.4 మీటర్లు నీళ్ళు లేచాయని టైడ్ గేజ్‌లో నమోదైంది. అంటే మన అమావాస్య పోటూ పాటూ తేడా మొత్తం ఎంతో, అంత నీళ్ళు అదనంగా వచ్చాయన్నమాట.

ఒకటో నంబరు ఉందని బీచ్‌కి వెళ్ళకూడదని రూలేం లేదు కానీ మీ ఆవిడ మాటే వినండి, దూరంగా వాయుగుండం ఉంటే దాని అలలు ముందే వచ్చేస్తాయి.

మధురవాడ_బాచి:

అయితే మార్చిలో పౌర్ణమి దాటిన మర్నాడు, మధ్యాహ్నం మూడున్నర నాలుగు ప్రాంతంలో వెళ్తే బెస్ట్ అన్నమాట. ఎండ సంగతి చూసుకోవాలి. చెప్పులతో వెళ్ళొచ్చా?

ఫైబర్‌బోటు:

చెప్పులొద్దు, నాచు మీద జారతాయి, రాళ్ళకి అంటుకున్న గుల్లలు బ్లేడులా కోసేస్తాయి, పాత బూట్లు వేసుకోండి. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి లేస్తాది, దాంతో చిన్న కెరటం ఎక్కువవుతాది, అందుకని పాటుకి గంట ముందే దిగి నీళ్ళు తిరిగే టైమ్‌కి పైకి వచ్చేయండి. తోరణం కింద మాత్రం నిలబడొద్దు, ఫొటో దూరం నుంచే తీసుకోండి.