వందలోపు ప్రధాన సంఖ్యలు బట్టీ పట్టాలా, పరీక్షించడం నేర్చుకోవాలా?

రైలు బండి:
రైల్వే ఉద్యోగాల పరీక్ష ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీకి చదువుతున్నాను. మొదటి దశలో 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, అందులో లెక్కలు 30. తప్పు పెడితే మూడో వంతు మార్కు పోతుంది. వందలోపు 25 ప్రధాన సంఖ్యలనూ ఎక్కాల్లా అప్పజెప్పమని కోచింగ్‌లో సారు అంటున్నారు. భాగించి చూసుకుంటే చాలని నా రూమ్మేట్ అంటాడు. మొన్న మాక్ టెస్టులో 91ని ప్రధాన సంఖ్య అనుకుని పెట్టేశాను. ఏ దారిలో వెళ్లాలి?

గోదారి గట్టు:
బట్టీయే పట్టు తమ్ముడూ. ప్రశ్నకు నీకు దక్కేది 54 సెకన్లు. 50కీ 80కీ మధ్య ఉన్న ప్రధాన సంఖ్యల మొత్తమెంత అని అడిగారనుకో. 53, 59, 61, 67, 71, 73, 79 నోట్లో ఉంటే కూడుకుని 463 పెట్టేస్తావు. ఒక్కోటీ భాగిస్తూ కూర్చుంటే కూడడానికి టైమే మిగలదు.

లెక్కల మాస్టారు:
బట్టీని నేను కాదనను బాబూ, కానీ ఎందుకో తెలియని బట్టీ పరీక్ష హాల్లో జారిపోతుంది. 2, 3 పక్కన పెట్టు. మిగతా ప్రధాన సంఖ్యలన్నీ 6 గుణిజానికి ఒకటి ముందో, ఒకటి వెనకో ఉంటాయి. 5, 7, 11, 13, అలా 95, 97 దాకా రాస్తే 32 సంఖ్యలు. వాటిలో 25, 35, 49, 55, 65, 77, 85, 91, 95 కొట్టెయ్. మిగిలిన 23కి 2, 3 కలుపు, నీ 25 వచ్చేశాయి. కొట్టేసిన తొమ్మిదిలో ఆరు 5తో ముగుస్తాయి. 49, 77 ఏడో ఎక్కంలోవే. మోసం చేసేది 91 ఒక్కటే, అది 7×13. నువ్వు పడింది సరిగ్గా అక్కడే.

ఇంకోటి. 100లోపు సరిగ్గా మూడే కారణాంకాలున్న సంఖ్యలెన్ని అని అడిగితే జాబితా ఒక్కటే ఏం చేస్తుంది? ప్రధాన సంఖ్య వర్గానికే మూడు కారణాంకాలు ఉంటాయని తెలియాలి. 4, 9, 25, 49. జవాబు నాలుగు.

గోదారి గట్టు:
బావుంది మాస్టారూ, ఒప్పుకుంటాను. కానీ 221 లాంటిది వస్తే?

లెక్కల మాస్టారు:
దాని వర్గమూలం 15 లోపే. కాబట్టి 13 దాకా చూస్తే చాలు. 2, 3, 5 కంటితోనే తేలిపోతాయి. 7తో 4 మిగులుతుంది, 11తో 1 మిగులుతుంది, 13తో నిశ్శేషంగా పోతుంది: 13×17. వర్గమూలం దాటి వెతకనక్కర్లేదు. అంతకంటే పెద్ద కారణాంకం ఉంటే దాని జత వర్గమూలం కంటే చిన్నదై, ముందే దొరికిపోయి ఉంటుంది.

రైలు బండి:
రాత్రి కాగితం మీద మొత్తం వేసుకున్నాను సార్. 100 నుంచి 200 దాకా కూడా చేశాను. 2, 3, 5 తీసేశాక పట్టుకోవాల్సినవి ఏడే: 119, 121, 133, 143, 161, 169, 187. సారు అడిగిన 25 కూడా పొద్దున చూడకుండా అప్పజెప్పేశాను, 89 దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాను.