రద్దీలో జటాయువు రెక్కలు విరగకుండా ఎలా?

మాది కావలి. హైదరాబాద్‌ కామిక్ కాన్‌కు మా తమ్ముడు జటాయువు వేషంలో వస్తున్నాడు. కామిక్స్, సినిమా పాత్రల వేషాలు వేసుకుని అభిమానులు కలిసే వేడుక అది. ఈవా ఫోమ్ (తేలికైన, మెత్తని రబ్బరులాంటి పదార్థం) షీటును హీట్ గన్‌తో వేడిచేసి వంచి, ఒక్కో ఈకనూ విడిగా కత్తిరించి, అంచులకు కుంకుమ రంగు అద్ది రెక్కలు చేశాడు. ఎంత ముచ్చటగా ఉన్నాయో! కానీ విప్పితే మనిషి చాచిన చేతులకన్నా వెడల్పు. సింహపురి ఎక్స్‌ప్రెస్ స్లీపర్ బోగీలో వాటిని ఎలా తీసుకురావాలి? భుజం దగ్గర ఊడదీసేలా చేయాలంటే వెల్క్రో ఆ బరువు మోస్తుందా, బకిల్ పట్టీలు మేలా? ఫొటోల కోసం జనం చుట్టుముడతారు, అదే కదా అక్కడి సరదా. ఆ తోపులాటలో పక్కవాళ్లకు తగలకుండా రెక్కలు ముడిచే ఉపాయం కావాలి. ఇలాంటి పెద్ద వేషాలు వేసినవారు దయచేసి చెప్పండి. దుస్తులు మార్చుకోవడానికి లోపల గది ఉంటుందా?