చిక్కటి అడవిలో జింక వేటకి ఏ రేంజ్‌ఫైండర్ మంచిది?

కొత్తవిల్లు:
అందరికీ నమస్కారం. ఈ సీజన్‌లో మొదట విల్లుతో, తర్వాత రైఫిల్‌తో జింక వేటకి వెళ్తున్నాను. లైసెన్సు వచ్చింది, ప్రాక్టీసు బాగానే సాగుతోంది, లేజర్‌తో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఒక్కటే కొనాలి. నేను కూర్చునే చోట 80 గజాలకి మించి ఏమీ కనబడదు, మధ్యలో అన్నీ సన్న కొమ్మలు, తుప్పలు. రెండు మోడల్స్ దగ్గర ఆగిపోయాను. ఒకదాని డబ్బా మీద 1000 గజాలు అని ఉంది, రెండోదాని మీద 600. పెద్దది తీసుకుంటే రైఫిల్‌కి కూడా పనికొస్తుందని అనిపిస్తోంది. మీరైతే ఏం చూసి కొంటారు?

రైఫిల్‌బాబాయ్:
రైఫిల్ వరకు నేను చెప్తాను తమ్ముడూ. అంత చిక్కటి అడవిలో దానికి రేంజ్‌ఫైండర్‌తో పెద్దగా పని పడదు. 100 గజాల్లో గురి సరిగ్గా కుదిరేలా సరిచేసిన (జీరో చేసిన) .308 రైఫిల్ తూటా 50 గజాల్లోనైనా 120 గజాల్లోనైనా అంగుళం తేడాలోనే తగులుతుంది. బయలు మీద 300 గజాలు కొట్టేవాళ్ల లెక్క వేరు. నువ్వు విల్లుని దృష్టిలో పెట్టుకుని కొను.

మంచెమీద:
బాబాయ్ గారి మాటే నాదీను. ఆ 1000 అంకెని వదిలేయండి. అది బాగా మెరిసే బోర్డు లాంటి వాటి మీద వచ్చే దూరం. జింక ఒంటి మీది వెంట్రుకలు లేజర్‌ని అంత బాగా తిప్పి పంపవు. అందుకే కంపెనీలు జింకకి విడిగా ఇంకో దూరం ఇస్తాయి, అది చాలా తక్కువ ఉంటుంది. అయినా మీ 80 గజాలకి రెండూ సరిపోతాయి.

విల్లుతో అసలు చిక్కు 20 గజాలకీ 40 గజాలకీ మధ్యనే. సెకనుకి 280 అడుగులు పోయే బాణం అనుకుందాం. జింక 35 గజాల్లో ఉంటే మీరు విల్లు మీద 30 గజాలకి సరిచేసిన గురి పిన్ పెట్టి వదిలారు, బాణం 4 అంగుళాలు కిందికి దిగుతుంది. అదే జింక 40లో ఉంటే 9 అంగుళాలు. గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉండే చోటు మొత్తం 8 నుంచి 10 అంగుళాలే. నడి మధ్యకి గురిపెట్టి 9 అంగుళాలు దిగితే బాణం పూర్తిగా తప్పిపోవాలి, లేదా కాలికి తగిలి జింక కుంటుకుంటూ పారిపోవాలి. ఆ రెండోది తలుచుకుంటేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దూరం ఖాయంగా తెలియకపోతే నేను బాణం వదలను.

కాబట్టి మీరు మొదట చూడాల్సింది పొదల వెనక ఉన్నదాన్ని చదివే మోడ్. లేజర్ మధ్యలో ఆకుకి తగిలితే కొంత వెలుగు అక్కడి నుంచే వెనక్కి వస్తుంది, మిగతాది ముందుకెళ్లి జింకకి తగిలి వస్తుంది. దగ్గరి దూరాన్నే చూపించే పరికరమైతే మీకు ఆకు దూరం చెప్తుంది. దూరపుదాన్ని ఎంచుకునే మోడ్ ఉంటే జింక దూరం వస్తుంది. అయితే జింకని కాస్త దాటి గురిపెట్టారంటే వెనకున్న చెట్టు మొద్దు దూరం వస్తుంది, అది కూడా గుర్తుంచుకోవాలి. నేను ఎప్పుడూ స్కాన్‌లో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా పక్కకి జరుపుతాను. 17, 17, 18 అని వచ్చి ఒక్కసారిగా 31, 31 అయిందంటే, 17 తుప్ప, 31 జింక. ఒక్కసారి నొక్కి వచ్చిన అంకెని పొదల్లో నమ్మను.

రెండోది డిస్‌ప్లే. జింకలు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఆ మసక వెలుతురులో, ముదురు గోధుమ రంగు చెట్ల మీద నల్ల అంకెలు కనబడవు. ఎర్ర అంకెలు వచ్చేది, వెలుగు తగ్గించుకునే వీలున్నది తీసుకోండి. తగ్గించే వీలు లేకపోతే చీకట్లో ఆ ఎరుపే కళ్లు చెదరగొడుతుంది.

కోణం లెక్కగట్టే సదుపాయం గురించి చాలా గొప్పగా చెప్తారు. 20 అడుగుల ఎత్తు మంచె మీద నుంచి 20 గజాల్లోని జింకకి, ఏటవాలుగా కొలిచిన దూరానికీ బాణానికి లెక్కలోకొచ్చే అడ్డ దూరానికీ తేడా ఒక్క గజం. నిటారు కొండవాలు మీద వేటాడితేనే అది అక్కరకొస్తుంది. 30 డిగ్రీల వాలులో 40 గజాలు చూపిస్తే బాణానికి లెక్క 35 గజాలే.

చలిలెక్కువ:
ఒక్క మాట కలుపుతాను. చలిలో బ్యాటరీ త్వరగా నీరసపడుతుంది. పరికరాన్ని లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి, ఇంకో బ్యాటరీ వెంట ఉంచుకోండి. దట్టమైన పొగమంచులో లేజర్ ఆ మంచునే చదివి తప్పు అంకె ఇస్తుంది.

కొత్తవిల్లు:
మంచెమీద గారూ, చాలా థాంక్స్. ఒక సందేహం. జింక ఎదురుగా వచ్చాక పరికరం తియ్యాలి, కొలవాలి, విల్లు లాగాలి. అంత టైమ్ ఇస్తుందా? విల్లుకే బిగించే రకం తీసుకుంటే?

మంచెమీద:
చాలాసార్లు ఇవ్వదు. చెయ్యి పైకెత్తగానే తల తిప్పి చూస్తుంది. అందుకే మంచె ఎక్కి కూర్చోగానే చుట్టూ కొలిచి పెట్టుకోవాలి. తెల్ల బెరడు చెట్టు 20, పడిపోయిన దుంగ 33, దారి మలుపు తిరిగే చోటు 27, ఇలా. జింక ఆ దుంగ దగ్గరికి వస్తే ఇక కొలిచే పనే లేదు, నేరుగా విల్లు లాగడమే.

విల్లుకి బిగించే ఎలక్ట్రానిక్ పరికరాల్ని కొన్ని చోట్ల అనుమతించరు, మీ వేట నియమాలు చదివాకే కొనండి. ఏది కొన్నా సీజన్ ముందు ఒక పని చేయండి. వెనక ఖాళీగా ఉన్న ఒంటరి చెట్టుని చూసి, లోపలి గురి గుర్తుని దాని అంచు మీదుగా నాలుగు వైపుల నుంచీ జరపండి. అంకె మారేది సరిగ్గా అంచు దగ్గరా, కాస్త పక్కనా అన్నది తెలుస్తుంది. కొన్నిటిలో లేజర్ పడే చోటు గుర్తుకి కొంచెం పక్కకి ఉంటుంది. ఎటు ఉందో తెలిస్తే కొమ్మల సందులోంచి కొలిచేటప్పుడు అటు సరిచేసుకోవచ్చు.