పవర్ యాంప్ మీదే ప్రీయాంప్, ఫోనో పేర్చవచ్చా, విడదీయాలా?

వేళచ్చేరి నుంచి ప్రశ్న:
చెన్నైలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ మాది. హాల్లో టీవీ పక్కన రెండడుగుల జాగానే ఉంది. నా దగ్గర ఉన్నవి స్పీకర్లని నడిపే ఛానెల్‌కి 25 వాట్ల క్లాస్ ఏ (పాట లేకపోయినా కరెంటు లాగుతూనే ఉండే రకం) పవర్ యాంప్, దాని ముందు వాల్యూమ్ చూసుకునే ప్రీయాంప్, డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చే డ్యాక్, టర్న్‌టేబుల్, దాని సూది ఉండే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్, అది ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచడానికి విడిగా ఫోనో స్టేజ్. అమ్మినాయన అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టేయమన్నాడు. స్నేహితుడేమో పవర్ యాంప్‌ని స్పీకర్ల మధ్య నేల దగ్గర పెట్టి, మిగతావన్నీ పక్క గోడకి మార్చమంటున్నాడు. అలా చేస్తే ప్రీయాంప్ నుంచి ఐదు మీటర్ల కేబుల్ లాగాలి. నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం ఎల్పీలు. ఏం చేయమంటారు?

అంబత్తూర్ నుంచి:
నిశ్చింతగా పేర్చుకోండి. కేబుళ్లు పొట్టిగా ఉంటే అంత మంచిది. అన్నీ ఒకే పెట్టెలో ఉండే ఇంటిగ్రేటెడ్ యాంప్ మూత తీసి చూడండి, ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఫోనో బోర్డుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. అది చక్కగా పాడటం లేదా? విడివిడి పెట్టెలకైతే ఎవరి లోహపు డబ్బా వాళ్లకుంది కదండీ.

మైలాపూర్ నుంచి:
అంబత్తూర్ గారు ఇంటిగ్రేటెడ్ గురించి చెప్పింది నిజమే, కానీ ఈ ప్రశ్నకి అది సరిపోదు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఏ వైపు తిరిగి ఉండాలో, ఫోనో బోర్డు ఏ మూల ఉండాలో ఒకే మనిషి కూర్చుని ఆలోచించాడు. ఒక కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన ఇంకో కంపెనీ ఫోనో వచ్చి కూర్చుంటుందని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ముందు వేడి సంగతి. క్లాస్ ఏ పుష్‌పుల్ యాంప్ సామర్థ్యం సిద్ధాంతంలోనే 50 శాతం దాటదు. పాట ఉన్నా లేకపోయినా మీ యాంప్ రెండు ఛానెళ్లకీ కలిపి కనీసం 100 వాట్లు వేడిగా వదులుతూనే ఉంటుంది, నిజానికి అంతకంటే ఎక్కువే. మే నెలలో మన హాలు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ వేడిగాలి నేరుగా పై పెట్టె పొట్టలోకి పోతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. ఈ ఒక్క కారణం చాలు, క్లాస్ ఏ యాంప్ మీద ఏమీ పెట్టకూడదని నేను గట్టిగా చెప్పడానికి.

అసలు గొడవ హమ్‌ది, అంటే కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే మోతది. డ్యాక్ ఇచ్చే సిగ్నల్ 2 వోల్టుల దాకా ఉంటుంది. మూవింగ్ కాయిల్ ఇచ్చేది అర మిల్లీవోల్టు లోపే, అంటే నాలుగు వేల వంతు. పైగా ఎల్పీ కోసం ఆర్‌ఐఏఏ వంపు (ఎల్పీలో తగ్గించి చెక్కిన బేస్‌ని తిరిగి పెంచే ప్రమాణం) ప్రకారం ఫోనో స్టేజ్ 1,000 హెర్ట్జ్ కంటే 50 హెర్ట్జ్‌ని ఏడు రెట్లు ఎక్కువ పెంచుతుంది. మన కరెంటు సరిగ్గా ఆ 50 హెర్ట్జ్ మీదే ఉంది! పవర్ యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ అదే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటుంది, అల్యూమినియం డబ్బా ఎంత మందంగా ఉన్నా దాన్ని పెద్దగా ఆపలేదు. ఆపేది దూరమే. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెట్టింపు దూరం జరిగితే క్షేత్రం ఇంచుమించు ఎనిమిదో వంతుకి పడిపోతుంది.

మీరు వినేది కర్ణాటక సంగీతమని చెప్పారు కాబట్టి ఇంకో మాట. హమ్‌లో 50తో పాటు 100 హెర్ట్జ్ కూడా వినిపిస్తుంది. గాయకుడిది ఒకటి శ్రుతి (పాశ్చాత్య పద్ధతిలో సి) అయితే తంబురా మొదటి తీగ, అంటే మంద్ర పంచమం, 98 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ 98కీ ఈ 100కీ పొసగదు, సెకనుకి రెండు సార్లు ధ్వని లేచి పడుతుంది. సినిమా పాటల్లో డ్రమ్స్ కింద దాగే హమ్ ఆలాపనలో దాగదండీ. తంబురా మీద మరక పడితే కచేరీ మొత్తం మీద పడినట్టే.

ఐదు మీటర్ల కేబుల్‌కి భయపడకండి. కేబుల్ కెపాసిటెన్స్ (ఎక్కువైతే హెచ్చు స్థాయి శబ్దాలని తగ్గించే గుణం) మీటరుకి 100 పికోఫారడ్ అనుకుంటే మొత్తం 500. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి లోపల ఉండే అడ్డు) 1,000 ఓమ్‌లు ఉన్నా తగ్గుదల మొదలయ్యేది 3,00,000 హెర్ట్జ్ పైన. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. పొట్టిగా ఉండాల్సింది టర్న్‌టేబుల్ నుంచి ఫోనోకి వెళ్లే తీగ. అందుకే ఫోనోని టర్న్‌టేబుల్ పక్కనే ఉంచండి. మీ స్నేహితుడి మాట వినండి.

అంబత్తూర్ నుంచి:
ఫోనో వరకూ ఒప్పుకుంటాను. కానీ డ్యాక్, ప్రీయాంప్ కూడా విడదీయాలంటే ఒప్పుకోను. రెండూ చల్లగా ఉండే పెట్టెలే, పెద్ద సిగ్నళ్లే. ఒక్కోదానికి ఒక్కో అర కొనిపించే షోరూముల మాట నమ్మి జనం ఎంత ఖర్చు పెడుతున్నారో చూస్తున్నాం కదా.

మైలాపూర్ నుంచి:
అందులో మనిద్దరిదీ ఒకటే మాట. ఆ రెండూ పేర్చుకోవచ్చు.

తాంబరం నుంచి:
కంపనాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ప్రతి పెట్టె కిందా రబ్బరు కాళ్లు, గ్రానైట్ పలక తప్పనిసరి అని విదేశీ పత్రికలన్నీ రాస్తాయి.

మైలాపూర్ నుంచి:
ఆ సలహాలు చాలావరకు చెక్క నేల ఇళ్లకి పుట్టినవి. అక్కడ మనిషి నడిస్తే నేల ఊగుతుంది, సూది ఎగురుతుంది. మనది కాంక్రీటు శ్లాబు. టర్న్‌టేబుల్‌కి మాత్రం స్పీకర్లకి దూరంగా గట్టి గోడ అర వేయించండి, అది అవసరమే. వాల్వులు (గాజు ట్యూబులు) ఉన్న పెట్టెలుంటే వాటికీ కొంత జాగ్రత్త కావాలి. ట్రాన్సిస్టర్ యాంప్ కింద గ్రానైట్ పెట్టినందువల్ల పాట మారుతుందంటే నేను నమ్మను.

తాంబరం నుంచి:
నా చెవికి తేడా తెలుస్తుందండీ. ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను.

అంబత్తూర్ నుంచి:
వేళచ్చేరి గారూ, విడదీస్తే ఒకటి గమనించండి. పవర్ యాంప్‌నీ ప్రీయాంప్‌నీ వేర్వేరు గోడల సాకెట్లలో పెడితే ఎర్త్ లూప్ (ఎర్త్ తీగలూ సిగ్నల్ కేబులూ కలిసి ఒక చుట్టుగా మారడం) ఏర్పడి, తప్పించుకున్న హమ్ మళ్లీ రావచ్చు. వీలైతే రెండింటికీ ఒకే సాకెట్ నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగండి. హమ్ పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను తీసేయమంటే వినొద్దు, అది ప్రాణానికి సంబంధించింది.

గోడకి డ్రిల్లింగ్ చేయించే ముందు ఈ పరీక్ష చేయండి. సూది పైకెత్తి ఉంచి, ఫోనో ఇన్‌పుట్ పెట్టి, మీరు మామూలుగా వినేదానికంటే కాస్త ఎక్కువ వాల్యూమ్ పెట్టండి. ఫోనో పెట్టెని చేత్తో పట్టుకుని యాంప్ మీద నుంచి మెల్లగా పక్కకి జరపండి, కొంచెం తిప్పండి కూడా. హమ్ ఎక్కడ తగ్గుతుందో చెవికే తెలుస్తుంది. అర అక్కడ వేయించండి.